అరవై సెంటీమీటర్ల "ఏమండీ"

టేపుగారి వంటింట్లో కుళాయి కారుతోంది. అంత పెద్ద ఆసుపత్రిలో ఒక్క చుక్క వృథా పోయినా ఊరుకోని మనిషి, సొంత ఇంట్లో కుళాయిని అలా వదిలేశాడేమిటని ఎవరైనా అడిగితే ఆయన నీళ్ళు నమిలేవాడు. బాగుచేయడానికి కావలసింది ఒక రబ్బరు వాషరు, ఒక స్పానరు, టీ చల్లారేంత సమయం. అయినా చేయలేదు. ఆ టప్ టప్ కూడా ఆగిపోతే ఇంట్లో ఇంకే చప్పుడూ ఉండదు.

ఆయన ఆసుపత్రిలో పైపు ఫిట్టరు. నడుముకు ఎప్పుడూ స్టీలు టేపు వేలాడుతూ ఉంటుంది కాబట్టి అందరికీ టేపుగారే. ఒకసారి కొలిచి, మళ్ళీ కొలిచి, పెన్సిలు గీత పెట్టి, ఆ గీత ఎక్కడ పడిందో కూడా కొలిచి గానీ రంపం తీయడు. "మా బీపీ కూడా ఆ టేపుతోనే చూస్తారా?" అని నర్సులు ఆటపట్టించేవాళ్ళు. ఆయన నవ్వి ఊరుకునేవాడు. మాట తక్కువ మనిషి.

ఇంట్లో మాటల శాఖంతా భార్య చేతిలో ఉండేది. ఆమె అదే ఆసుపత్రి టెలిఫోన్ బోర్డు దగ్గర పనిచేసింది. కింద సెల్లార్‌లో బాయిలరు పక్కన గోడకు ఒక ఫోను ఉండేది. అది మోగితే ఎత్తవలసింది టేపుగారే. "ఏమండీ, మూడో అంతస్తులో లీకు!" అనేది అవతలి గొంతు. పేరు తెలియదు కనుక ఏమండీ. ఈయన "వస్తున్నా" అని పెట్టేసేవాడు. రానురానూ మూడో అంతస్తులో లీకులు మరీ ఎక్కువయ్యాయని స్టోరు చూసే బాబాయికి అనుమానం వచ్చింది. పైకి వెళ్ళి చూస్తే కుళాయిలన్నీ పొడిగా ఉన్నాయి.

"లీకు పైన లేదురా అబ్బాయ్, టెలిఫోన్ బోర్డులో ఉంది. త్వరగా పోయి బిగించుకో," అన్నాడు బాబాయి.

పెళ్ళయ్యాక కూడా ఆ పిలుపు మార్చుకోవలసిన పని పడలేదు. గోడ మీది ఫోను పోయింది, ఆమె ఉద్యోగమూ అయిపోయింది, కూతురు పెరిగి అత్తారింటికి వెళ్ళింది. "ఏమండీ" మాత్రం అలాగే ఉంది. చివర "డీ" దగ్గర గొంతు కాస్త పైకి లేచేది, అచ్చం పాత ఫోనులో లేచినట్టే.

ఒక ఉదయం ఆమె చేతిలోంచి గ్లాసు జారింది. పెదవి ఒక పక్కకు జారింది. కుడి చెయ్యి బరువెక్కింది. ప్రాణం దక్కింది గానీ మాట పోయింది. ఎవరేమన్నా అర్థమవుతుంది, తల ఊపుతుంది, కూర మాడితే కళ్ళతోనే చీవాట్లు పెడుతుంది. కానీ మాట పెదవుల దాకా వచ్చి, గుమ్మంలో చెప్పులు చూసి వెనక్కి తిరిగిన చుట్టంలా వెళ్ళిపోయేది.

ఆసుపత్రిలో నడవా చివరి గదిలో మాట నేర్పే ఒకామె ఉండేది. ఆ గదిలోంచి ఎప్పుడూ రాగాలు వినబడతాయి గనుక అందరూ పాటల డాక్టరమ్మ అనేవాళ్ళు. "నేను డాక్టర్ని కాదండీ బాబూ," అని చెప్పీ చెప్పీ ఆమె విసిగిపోయింది. ఆ గదిలో ఒక చిన్న కీబోర్డు, రెండు కుర్చీలు, మూలన ఒక జిరాక్స్ మిషను.

మొదటి రోజు డాక్టరమ్మ రోగి ఎడమచేతిని తన చేతిలోకి తీసుకుంది. కీబోర్డు మీద నొక్కినవి రెండే రెండు మీటలు, ఒకటి కింది స్వరం, ఒకటి పై స్వరం. ఆ రెంటితో "నీ-ళ్ళు" అని సాగదీసి పాడుతూ, ఒక్కో అక్షరానికీ ఆ చేతిని బల్ల మీద మెల్లగా తట్టింది. టేపుగారి భార్య నోరు తెరిచింది. మాట రాలేదు గానీ గుంయ్‌మని ఒక శ్రుతి వచ్చింది. ఆ శ్రుతి వెనకాలే, తడబడుతూ, "నీ...ళ్ళు" అని రెండక్షరాలు బయటపడ్డాయి.

టేపుగారు గోడ పట్టుకున్నాడు.

"మాట్లాడలేని మనిషి పాడిందేమిటమ్మా?"

"మెదడులో మాట నడిచే దారి దెబ్బతింది. పాట ఎక్కువగా ఇంకో వైపు నుంచి నడుస్తుంది. మాటను పాటలో ఎక్కించి ఆ వైపు నుంచి తెస్తున్నాం."

"బైపాస్ లైనా?"

"అదేమిటి?"

"మెయిన్ వాల్వు బిగుసుకుపోతే పక్కనుంచి ఇంకో పైపు వేసి నీళ్ళు తిప్పుతాం. వార్డులో వాళ్ళకు తేడా కూడా తెలీదు."

డాక్టరమ్మ పకపకా నవ్వింది. "ఇక నుంచి అందరికీ ఇదే చెబుతా. కానీ ఒక మాట, అందరికీ ఇలా రాదు. ఈమెకు వచ్చింది. మన అదృష్టం."

ఆ "మన" అన్న మాటను టేపుగారు చాలాకాలం దాచుకున్నాడు.

మర్నాడు ఇంకో వింత చూశాడు. ముందురోజు స్వరాలు మరీ పైన ఉండి భార్య గొంతు బొంగురుపోతుంటే డాక్టరమ్మ తన చేతిని కీబోర్డు మీద ఎడమవైపుకు జరిపింది. మీటలు మారాయి. పాట మాత్రం మారలేదు.

"ఆగండమ్మా. నిన్న అక్కడ నొక్కారు, ఇవాళ ఇక్కడ. పాట అదే ఎలా అయింది?"

"తెల్లవీ నల్లవీ కలిపి లెక్కపెట్టండి. కింది స్వరం నుంచి పై స్వరానికి మూడు మెట్లు. ఎక్కడ మొదలుపెట్టినా మూడు మెట్లే. పన్నెండు మెట్లు ఎక్కితే అదే స్వరం పై స్థాయిలో వినిపిస్తుంది. మెట్లన్నీ సమానంగా కోశారు కాబట్టి ఎవరి గొంతుకు తగ్గట్టు వాళ్ళకు జరుపుకోవచ్చు."

"సమానం అంటే ఒక్కో మెట్టుకు ఇన్ని సెంటీమీటర్లని?"

"అక్కడే అందరూ పప్పులో కాలేస్తారు," అంటూ ఆమె జిరాక్స్ మిషను దగ్గరికి వెళ్ళింది. రోగులకు చూపించే గ్లాసు బొమ్మను తొంభై నాలుగు శాతానికి తగ్గించి ఒక కాపీ తీసింది. ఆ కాపీని మళ్ళీ తొంభై నాలుగుకు. దాన్ని మళ్ళీ. "చూడండి, ప్రతిసారీ తగ్గించేది అదే శాతం. కానీ బొమ్మ చిన్నదయ్యేకొద్దీ తగ్గే పొడుగు కూడా తగ్గిపోతోంది. కూడికలు తీసివేతలు కాదు, రెట్లు. ఇలా పన్నెండుసార్లు చేస్తే బొమ్మ దాదాపు సగం అవుతుంది. తీగను కూడా సరిగ్గా సగం దగ్గర నొక్కి మీటితే పై స్థాయి స్వరం వస్తుంది. అసలు శాతమెంతో నాకూ సరిగ్గా తెలీదండీ, లెక్కల్లో నేను అంతంత మాత్రమే."

ఆ సాయంత్రం టేపుగారు ఫోనులో కాలిక్యులేటరు తెరిచి వంటింట్లో కూర్చున్నాడు. తొంభై నాలుగుతో పన్నెండుసార్లు గుణిస్తే సగం కన్నా కిందికి పోయింది. తొంభై అయిదుతో చేస్తే సగం దాకా రాలేదు. మధ్యలో వెతుక్కుంటూ వెళ్ళాడు. తొంభై నాలుగున్నరకు ఇవతల, తొంభై నాలుగు పాయింటు నాలుగు దగ్గర లెక్క సగానికి వచ్చి ఆగింది. పైపు బిగించాక చుక్క కారకపోతే ఎలా ఉంటుందో అలా అనిపించింది ఆయనకు.

"సగం వచ్చిందోయ్!" అన్నాడు భార్యతో. ఆమె, మతి గానీ పోయిందా అన్నట్టు చూసింది. ఆ చూపుకు మాట అక్కర్లేదు.

నీళ్ళు, అన్నం, చాలు, నొప్పి, ఒక్కొక్కటే వస్తున్నాయి. "ఏమండీ" కూడా మొదలుపెట్టారు. "ఏమం" కింది స్వరంలో, "డీ" పై స్వరంలో. "మాటలోనే పాట ఉంది, మనం కాస్త సాగదీస్తున్నాం అంతే," అంది డాక్టరమ్మ. అయితే ఏ మాటైనా డాక్టరమ్మ ముందు పాడితేనే, కీబోర్డు మోగితేనే. తనంతట తాను ఆమె ఇంతవరకూ ఒక్కటీ అనలేదు.

అంతలో ఆమెకు ఇచ్చిన రోజుల వంతు అయిపోయింది. బయట బెంచీ మీద ఇంకో రోగి ఎదురుచూస్తున్నాడు. "ఇంట్లో రోజూ చేయించండి," అంది డాక్టరమ్మ మొహమాటంగా. "మానేస్తే వచ్చినవి కూడా జారిపోతాయి. ఈ రెండు స్వరాలూ చెవిలో ఉండాలి, ఎడమచెయ్యి తడుతూ ఉండాలి."

టేపుగారికి గొంతు లేదు. పాడబోతే కింది స్వరమూ పై స్వరమూ ఒకచోటే పడేవి. కూతురు ఒక బొమ్మ కీబోర్డు తెచ్చి పెట్టింది. తల్లి దాన్ని రెండుసార్లు నొక్కి, పిల్లల బూరను తోసేసినట్టు పక్కకు తోసేసింది. వారం తిరగకుండానే "నొప్పి" అన్న మాట జారిపోయింది. తల పట్టుకుని చూపించడమే మిగిలింది.

"నాన్నా, ఎలా ఇప్పుడు?" అంది కూతురు.

ఆయన నేరుగా స్టోరుకు వెళ్ళాడు. అక్కడ మూలన పాత రాగి పైపుల ముక్కలు పడి ఉంటాయి. ఒకదాన్ని రెండువేళ్ళతో పట్టుకుని స్పానరుతో తట్టాడు. టక్ అంది. పట్టు కాస్త జరిపి మళ్ళీ తట్టాడు. చివరి నుంచి నాలుగోవంతుకు కాస్త ఇవతల పట్టుకున్నప్పుడు ణంగ్‌మని మోగి, ఆ మోత చాలాసేపు నిలిచింది.

"ఏమిటిది, ఉద్యోగం మానేసి భజన బృందం పెడుతున్నావా?" అన్నాడు స్టోరు బాబాయి. ఆయనకు తల నెరిసింది గానీ నాలుక నెరవలేదు.

"మీ కోడలి కోసం బాబాయ్. కాస్త పైపు కావాలి. కాగితం రాసిస్తాను."

బాబాయి నవ్వు ఆపేశాడు. "కాగితం నేను రాసుకుంటాలే. ఏది కావాలో తీసుకో. ఆ పిల్ల ఫోనులో అరవక ఈ భవనానికే చెవుడొచ్చినట్టుంది."

టేపుగారు ఇంటి వెనక బల్ల మీద పని మొదలుపెట్టాడు. కింది స్వరానికి పొడవైన ముక్క కోసి, డాక్టరమ్మ కీబోర్డు మోతను ఫోనులో పట్టుకొచ్చిన దానితో పోల్చుకుంటూ, కొద్దికొద్దిగా ఆకురాయితో అరగదీశాడు. రెండు మోతలూ కలిసిపోయేసరికి పొడవు అరవై సెంటీమీటర్లు. ఇక పై స్వరం. మూడు మెట్లు. తొంభై నాలుగు పాయింటు నాలుగుతో మూడుసార్లు గుణించాడు. నూటికి ఎనభై నాలుగు వచ్చింది. అరవైలో అది యాభైన్నర. కొలిచాడు, మళ్ళీ కొలిచాడు, గీతను కొలిచాడు, కోశాడు. ఇందులో తప్పేముంటుందనే ధీమాతో కీబోర్డుతో పోల్చి చూడనైనా లేదు. రెంటినీ దారాలతో కొయ్య చట్రానికి వేలాడదీసి, రబ్బరు తల ఉన్న చిన్న సుత్తి పట్టుకుని భార్య ముందు పెట్టాడు.

"ఇదిగో, నీ డాక్టరమ్మ!"

కింది పైపు తట్టాడు. ఆమె కళ్ళు వెలిగాయి. పై పైపు తట్టాడు.

ఆమె మొహం చిట్లించింది. తలుపు సగం తెరిచి ఎవరో మధ్యలో ఆపేసినట్టుంది ఆ స్వరం. ఆయన మళ్ళీ తట్టాడు. ఆమె పెదవి విరిచింది. మూడోసారి తట్టబోతుంటే ఎడమచేత్తో ఆ చేతిని పట్టుకుని ఆపి, "కా...దు!" అంది.

ఎవరూ పాడలేదు. ఎవరూ అడగలేదు. ఆ మాట తనంతట తానే వచ్చింది. వచ్చిందని ఆమెకు కూడా అప్పుడే తెలిసినట్టుంది, ఒక్కక్షణం ఆగిపోయింది. తరవాత కళ్ళు మూసుకుని, కింది స్వరం నుంచి పైకి తానే శ్రుతి లాగి చూపించింది. పైపు మోగిన దానికన్నా బాగా కిందనే ఆగింది.

ముప్పై ఏళ్ళుగా కొలత తప్పని మనిషి కొలత తప్పాడు. ఎందుకు తప్పిందో తెలియక తల గోక్కున్నాడు గానీ, సంతోషం పట్టలేక ఆ తప్పుడు పైపును ఇంకోసారి తట్టాడు. "కాదు! కాదు!" అంది ఆమె, ఈసారి కోపంగా. ఆ కోపం చూసి ఎన్నాళ్ళయిందో.

మర్నాడు మధ్యాహ్నం డాక్టరమ్మ టిఫిన్ డబ్బా మూత తీయకముందే టేపుగారు పైపులతో ప్రత్యక్షమయ్యాడు. సంగతంతా చెప్పాడు. "కాదు అందా? తనే అందా?" అని ఆమె రెండుసార్లు అడిగింది. తరవాత పైపులు వాయించి, కీబోర్డు మీద వెతికింది.

"మీరు మూడు మెట్లు అడిగితే ఇది ఆరు మెట్లు ఎక్కింది!"

"లెక్క తప్పలేదమ్మా. తీగ సగమైతే పై స్థాయి అని మీరే అన్నారు."

"తీగకు అంతే. మరి పైపుకు...?" ఆమెకూ తెలియలేదు.

"సగం కోసి చూద్దామా?" అన్నాడు. సెల్లార్‌కు పోయి ముప్పై సెంటీమీటర్ల ముక్క కోసుకొచ్చాడు. తట్టాడు. డాక్టరమ్మ తన ఫోనులో స్వరాన్ని కొలిచే యాప్ తెరిచి పెట్టింది. అరవై పైపు సెకనుకు రెండువందల అరవై రెండుసార్లు కంపిస్తోంది. సగానికి అది రెట్టింపై అయిదువందల ఇరవై నాలుగు రావాలి. వచ్చింది వెయ్యి దాటింది. నాలుగు రెట్లు!

"ఒక స్థాయి ఎక్కమంటే రెండు ఎక్కేసింది," అంది ఆమె.

టేపుగారు ముప్పై ముక్కను రెండుచేతులా పట్టుకుని మోకాలి మీద వంచబోయాడు. వంగలేదు. అరవై పైపును వంచబోతే అది కాస్త వంగినట్టు కదిలింది. ఆయన మొహం విచ్చుకుంది. "తీగను మనం లాగి బిగిస్తాం కదమ్మా, సగం చేసినా ఆ బిగువు అంతే ఉంటుంది. దీన్ని లాగేవాళ్ళు లేరు. దీని బిర్రు దీనిదే. పొట్టిదయ్యేకొద్దీ వంగనని మొండికేస్తుంది. అందుకే ఒక మెట్టు చెబితే రెండెక్కుతోంది."

"అయితే మీరు సగం మెట్లే చెప్పండి!"

సగం మెట్లంటే, దానితో దాన్నే గుణిస్తే ఎనభై నాలుగు శాతం వచ్చే సంఖ్య కావాలి. ఇద్దరూ కలిసి వెతికారు. తొంభై రెండుతో చూస్తే కాస్త ఎక్కువ. తొంభై ఒకటి పాయింటు ఏడు దగ్గర సరిపోయింది. అరవైలో అది యాభై అయిదు. డబ్బాలో అన్నం చల్లారిపోయింది. డాక్టరమ్మ పట్టించుకోలేదు, చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

ఈసారి ఆయన యాభై అయిదుకు రవ్వంత ఎక్కువ ఉంచి కోశాడు. మిగతాది అరగదీసేది తానే అయినా, తీర్పు చెప్పేది మాత్రం భార్య. వెనకబల్ల పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆయన రెండుసార్లు ఆకురాయి ఆడించి తట్టేవాడు. ఆమె శ్రుతి లాగి, తల అడ్డంగా ఊపి, "కాదు" అనేది. మళ్ళీ రుద్దేవాడు. "కాదు." మళ్ళీ. ఇన్నాళ్ళూ అందరూ ఆమెకు నేర్పుతున్నారు. ఆ సాయంత్రం ఆమె నేర్పింది. రాగి పొడి ఆయన వేళ్ళ నిండా మెరుస్తుంటే, ఒకసారి తట్టాక ఆమె "కాదు" అనలేదు. తల నిలువుగా ఊపి సుత్తిని ఆయన చేతిలోంచి లాక్కుంది.

ఆ రోజు నుంచి ఇంట్లో పొద్దునా సాయంత్రం ణంగ్ ణంగ్. ఎడమచేత్తో తానే తట్టుకుంటూ తానే పాడుకునేది. జారిపోయిన "నొప్పి" తిరిగొచ్చింది. "ఉప్పు ఎక్కువ" వచ్చింది. టేపుగారు వండినంతకాలం ఆ మాటకు పని తప్పలేదు. తప్పుడు పైపును ఆయన పారేయబోతే ఆమె పడనివ్వలేదు. ఆయన మీద కోపమొచ్చినప్పుడల్లా మాటల కోసం వెతుక్కోకుండా ఆ పైపుకు ఒక దెబ్బ తగిలించేది. ఆరు మెట్ల ఆ వంకర మోత వినగానే, ఏం చేశానా అని ఆయన తడుముకునేవాడు.

కృతజ్ఞత ఎలా చెప్పాలో తెలియని మనిషి డాక్టరమ్మ గదికి ఒక చట్రం పట్టుకెళ్ళాడు. తరవాత ఇంకొకటి. లావు గొంతు మగవాళ్ళకు పొడుగు పైపులు, సన్న గొంతు వాళ్ళకు పొట్టి పైపులు. కింది పైపు ఎంతైనా కానీ, పై పైపు దానిలో నూటికి తొంభై ఒకటి పాయింటు ఏడు. ఎవరి గొంతు దగ్గర మొదలైనా మూడు మెట్లు మూడు మెట్లే. బెంచీ మీద వంతు కోసం కూర్చున్నవాళ్ళు ఇంటికి ఆ చట్రాలు పట్టుకెళ్ళేవాళ్ళు. కొందరికి మాట వచ్చింది, కొందరికి రాలేదు. డాక్టరమ్మ మొదటి రోజే చెప్పింది కదా. ఇద్దరు కొలతలు తెలిసినవాళ్ళు, ఆమె చెవీ ఈయన చెయ్యీ, ఒకరికొకరు ధన్యవాదాలు చెప్పుకోబోయి ప్రతిసారీ ఇంకేదో పైపు గురించి మాట్లాడుకుని విడిపోయేవాళ్ళు. "రాగి అయిపోవస్తోంది, ఇనుముతో కాదా?" అని బాబాయి గొణిగేవాడు. గొణుగుతూనే మంచి ముక్కలు పక్కన తీసి ఉంచేవాడు.

ఇవన్నీ వచ్చాయి గానీ "ఏమండీ" రాలేదు. సాధనలో పాడేది, పైపు తడుతూ. కానీ పిలుపుగా, అక్కర పడి, ఆయన కోసం రాలేదు. టేపుగారు అడగలేదు. ఉప్పు ఎక్కువైందని తిట్టించుకోవడమే ఎక్కువనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు. అయినా వంటింటి కుళాయిని మాత్రం ముట్టుకోలేదు. ఎందుకో.

ఒక ఆదివారం ఉదయం ఆయన వెనకబల్ల దగ్గర ఎవరికోసమో పైపు అరగదీస్తున్నాడు. ఆమె గోడ పట్టుకుని ఒక్కో అడుగూ వేస్తూ వంటింట్లోకి వెళ్ళింది. పైపుల చట్రం ముందుగదిలో ఉంది. సుత్తి దాని పక్కనే ఉంది. వంటింట్లో ఉన్నదల్లా కుళాయి ఒక్కటే. టప్, టప్.

ఎడమచెయ్యి గట్టు మీద మెల్లగా తట్టిన చప్పుడు వినిపించింది. ఒకటి, రెండు, మూడు.

"ఏ...మం...డీ..."

కిందా, కిందా, పైన. చివర గొంతు లేచింది. గోడ మీది పాత ఫోనులో లేచినట్టే.

ఆకురాయి ఆయన చేతిలో ఆగిపోయింది. లోపలి నుంచి ఇంకో రెండు దెబ్బలు గట్టు మీద పడ్డాయి.

"లీ...కు!"

టేపుగారు లేచాడు. గుమ్మం దాటుతూ ఆయనకు నోటికొచ్చిన మాట ఒక్కటే, ముప్పై ఏళ్ళ కిందట సెల్లార్‌లో ఫోనెత్తి అన్నది.

"వస్తున్నా!"

వాషరు జేబులోనే ఉంది. ఎన్నాళ్ళ నుంచి ఉందో ఆయనకే తెలియదు. స్పానరు తీశాడు. ఆమె గట్టుకు ఆనుకుని, ఎలా చేస్తాడో చూద్దామన్నట్టు నిలబడింది. టీ చల్లారేంత పని. ఆయన చాలా నెమ్మదిగా, చాలా శ్రద్ధగా, ఒకటికి రెండుసార్లు బిగించి చూస్తూ చేశాడు. చుక్క ఆగిపోయింది. ఇల్లు నిశ్శబ్దంగా అయింది. ఆ నిశ్శబ్దం చూసి ఆయన ఈసారి భయపడలేదు.

"అయిందోయ్. ఇంకెక్కడైనా ఉందా లీకు?" అన్నాడు.

ఆమె ఎడమచెయ్యి మళ్ళీ గట్టు మీదికి వెళ్ళింది.

"మూ...డో... అం...త...స్తు," అంది నవ్వు దాచుకుంటూ.

వాళ్ళ ఇంటికి పై అంతస్తే లేదు.